కడగని జాడీ

ఈ ఉదయం చోళ్ళ మూట విప్పగానే పులిసిన వాసన గుప్పుమని ముక్కుకు కొట్టింది. రాగుల్ని మా వైపు చోళ్ళంటాం. నానబెట్టి, గుడ్డలో మూట కట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి విసిరితే అదే చోడి మాల్టు. ఇన్నేళ్ళుగా చేస్తున్న పనే. అయినా మూట విప్పే ముందు పరీక్ష రాసొచ్చిన పిల్లలా గుండె దడదడలాడుతూనే ఉంటుంది. ఇవాళ తప్పాను. సగం మొలిచాయి, సగం మొలవలేదు, అంతా జిగురు పట్టింది. ఎందుకో నాకు బోధపడలేదు. నీళ్ళు మార్చాను, గుడ్డ ఉతికిందే, ఎండా బాగానే కాస్తోంది. మా కోడలు మాత్రం ముక్కు మూసుకుని క్షణంలో తేల్చేసింది. పక్క వాటాలో కొత్తగా దిగిన బెంగాలీ అమ్మాయి రాత్రి అన్నంలో నీళ్ళు పోసి వరండా గట్టు మీద పెడుతుంది. వాళ్ళు పాంతా అంటారు, మన చద్దన్నం లాంటిదే. "ఆ పాంతా గాలి తగిలే మనవి పులిసిపోయినాయి అత్తా. ఆ గిన్నె అక్కడ పెట్టొద్దని చెప్పీసి రానా?" అని చెంగు దోపుకుంది. "ఆగు" అన్నాను. ఆ ఒక్క మాట నేను రాహేలత్త దగ్గర నేర్చుకున్నాను. ఆవిడెవరో, ఆ మాట నాకెలా అబ్బిందో మీకు తెలియాలంటే మా ట్రాఫిక్ సెటిల్మెంట్ రైల్వే క్వార్టర్ల రోజుల దగ్గరికి వెళ్ళాలి.

నేను పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చింది అరవైల నడుమ. మాది శ్రీకాకుళం పక్కన పల్లె. మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా క్వార్టరుకీ పక్క క్వార్టరుకీ వరండా ఒకటే, మధ్యలో నడుమెత్తు గోడ. ఆ గోడకి అవతల రాహేలత్త. నేను కాపురానికొచ్చిన నెలలోనే ఆవిడ భర్త దానియేలు గారు జబ్బుచేసి పోయారు. ఆయన నిమ్‌పురా వైపు షెడ్డులో ఇంజిన్ డ్రైవరు. అంచేత ఆవిణ్ణి మొదటిసారి చూడటమే తెల్లచీరలో, జనం మధ్య చూశాను. పలకరించాలో కూడదో తెలీలేదు. ఆ ఊళ్ళో నాకు తెలిసిన మొహం మా ఆయనదొక్కటే, అదీ అప్పటికి సరిగ్గా తెలిసిందని చెప్పలేను.

మాకు మాట కలిసింది చోళ్ళ వల్లే. మా అమ్మ నేర్పిన ప్రకారం మూట కట్టి వరండా కొక్కేనికి వేలాడదీశాను. ముసురు పట్టింది. తెరిపిచ్చాక విప్పి చూస్తే గింజగింజకీ తెల్లగా నూగు. బూజు పట్టిందనుకుని, పుట్టింటి నుంచి మోసుకొచ్చిన చోళ్ళన్నీ పోయాయే అని గట్టు మీద కూర్చుని ఏడ్చేశాను. గోడ మీంచి తల పెట్టి, "ఏటే గుంటా, ఆ ఏడుపు? నీ మొగుడు కొట్టినాడేటి?" అందావిడ. కాదు, చోళ్ళకి బూజన్నాను. చేత్తో తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకుని, వాసన చూసి, మళ్ళీ చూసి, "ఇది బూజో మొలక ఏరో నాకూ తెలీదే" అంది. అంత పెద్దావిడ తెలీదనేసరికి నాకు ఏడుపు ఆగిపోయింది. "తెలిసినట్టు సెప్పీగలను. రేపు నువ్వది కాసి తెచ్చి నా మొహానే పోస్తావు. అంచేత సగం ఈ సేటలో, సగం ఆ సేటలో పోసి, ఒకటి ఎండలో పెట్టు, ఒకటి నీడలో పెట్టు. ఎండి రాలిపోతే ఏరు. నల్లబడితే బూజు. మనకి తెలీనిది రెండుగా పెట్టి సూసుకోవాల" అంది. ఎండలో పెట్టినవి మర్నాటికి చేత్తో నలిపితే పొట్టులా రాలిపోయాయి. నీడలోవి నిజంగానే నల్లబడ్డాయి. అంటే రెండూ ఉన్నాయన్నమాట! ఏది ఎక్కడ మొదలైందో మా ఇద్దరికీ అర్థం కాలేదు గానీ, ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ ఆ నెలల్లో నవ్వడం నేను చూసింది అదే మొదలు.

ఆ తర్వాత నా ఖరగ్‌పూర్ చదువంతా ఆ గోడ మీదే. గోల్‌బజార్లో "దాదా, ఠిక్ కొరే బోలో" అని బేరమాడుతూ ఎక్కడ గొంతు పెంచాలో, బొగ్గులపొయ్యి పొగ లేకుండా ఎలా రాజెయ్యాలో, ఇంజిన్ల మసి పడకుండా ఆరేసిన చోళ్ళ మీద ఏ గుడ్డ కప్పాలో అన్నీ ఆవిడే. నోరు పెద్దది. తిట్టిందంటే వీధి చివరిదాకా వినిపించేది. మా వరసలో పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ నా చోడి మాల్టు వెళ్ళేలా చేసింది కూడా ఆవిడే. "మా కనకం సేతి మాల్టు" అని చాటింపు వేసేది. నేనేమో ఈసారి కుదురుతుందో కుదరదో అని హడలిపోయేదాన్ని.

ఇక ఆవిడ పని సంగతి. వాళ్ళు తెలుగు క్రైస్తవులు. వాళ్ళ గుడిలో ప్రభువు పేర రొట్టె, రసం పంచుకునే బల్ల ఆరాధనకి కావలసిన ద్రాక్షారసం ఏళ్ళ తరబడి దానియేలు గారింట్లోనే తయారయ్యేది. ఆ ఊళ్ళో ద్రాక్షపళ్ళెక్కడివి? నల్ల కిస్‌మిస్సే గతి. ఆయన ఇంజిన్లో బొగ్గేసే ఫైర్‌మన్‌గా ఉన్నప్పుడు ఆంగ్లో ఇండియన్ డ్రైవరొకాయన నేర్పాడట. కిస్‌మిస్ నలిపి, కాచి చల్లార్చిన నీళ్ళు, చక్కెర, గుప్పెడు గోధుమలు జాడీలో పోసి, మూతికి గుడ్డ కట్టి, రోజూ వర్క్‌షాపు సైరన్ కూసినప్పుడల్లా కొయ్యగరిటెతో కలపాలి. పొంగు చల్లారాక వడకట్టి, కోడిగుడ్డు తెల్లసొన గిలకొట్టి వేస్తే మడ్డి కిందికి దిగి రసం తేరుకుంటుంది. అంతకన్నా ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది. ఆ జాడీని కడగకూడదు. అడుగున గుక్కెడు రసం, మడ్డి అలాగే ఉంచాలి. పెరుగుకి తోడు ఎలాగో దానికి ఆ అడుగు అలాగ. ఆయన చేసిన మొదటి ఏటి రసం తాలూకు చుక్క అందులో ఇంకా ఉన్నట్టే లెక్క. మోకాలెత్తు గోధుమరంగు పింగాణీ జాడీ అది. ఆయన పోయాక ఆవిడ దాన్ని చీర చెంగుతో పైపైన తుడిచేదే తప్ప లోపల చెయ్యి పెట్టేది కాదు.

ఆయన లేని మొదటి ఈస్టరుకి రసం పులుపెక్కిపోయింది. ఆ మరుసటి ఏడూ అంతే. మొదటిసారి బల్లలో రసం పుచ్చుకున్న పిల్లలు అక్కడే మొహాలు చిట్లించారట. సంఘపెద్ద యోహాను గారు మంచి మనిషే, గొంతు తగ్గించే చెప్పారు. "రాహేలమ్మగారూ, వచ్చే పండక్కి కూడా ఇలాగే అయితే కలకత్తా నుంచి సీసాలు తెప్పించుకుందాం. మీరింక శ్రమ పడక్కర్లేదు." ఆ రోజు రాహేలత్త వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. "శ్రమంటే, శ్రమ! ఆయన పోయినాక నాకు మిగిలింది ఈ పనొక్కటే కదే. ఇదీ తీసేస్తే ఆదివారం గుడికి నానేటి పట్టుకెళ్తాను? వట్టి సేతులా?" అంది. "ఆయన సేసినట్టే సేసినాను. అదే జాడీ, అదే కిస్‌మిస్, అదే సైరను. మారింది నా సెయ్యొక్కటే. నా సెయ్యి దేవుడికి నచ్చలేదేమో." వాళ్ళ దేవుడి ఇష్టాయిష్టాలు నాకేం తెలుసు?

మారింది ఇంకొకటి ఉందని గుడిలో ఎవరో కనిపెట్టారు. అది నేను. నేనొచ్చింది ఆయన పోయిన నెలే. నా మూట వేలాడేది ఆ వరండాలోనే. మొలకల పులుపు గాలి జాడీకి తగిలి రసం విరిగిపోతోందన్నారు. ఒకావిడ బావి దగ్గర నా మొహమ్మీదే అనేసింది. నాకు కోపం రాలేదు, భయమేసింది. ఎందుకంటే అది నిజం కాదని నాకు తెలీదు! ఏమో, గాలి నిజంగా అలా తగులుతుందేమో. ఆ రోజే మూట విప్పి లోపలికి తెచ్చేశాను. చోళ్ళు నానబెట్టడం మానేశాను. రాహేలత్త ఏమైనా అంటుందేమో, "ఛ, నీ వల్ల కాదే" అని ఒక్క మాటైనా అంటుందేమో అని ఎదురు చూశాను. అనలేదు. ఆవిడా నన్నే అనుకుంటోందని మనసు కలుక్కుమంది. గోడ దగ్గరికి వెళ్ళడం తగ్గించేశాను.

ఒక మధ్యాహ్నం ఆవిడే మా గుమ్మంలోకొచ్చి విరుచుకుపడింది. "మూటెవరు తియ్యమన్నారు? ఆ సివరింటి మంగమ్మ మనవడికి మాల్టు లేదంట, ఏటి తినాల ఆ గుంటడు?" "నా చోళ్ళ వల్లే మీ రసం పాడైపోతోందంటున్నారు కదత్తా" అన్నాను, ఏడుపు దిగమింగుకుంటూ. "అవునో కాదో నీకు తెలుసా?" "తెలీదు." "నాకూ తెలీదు. అందుకే నోరు మూసుకున్నాను. తెలీకుండా కాదని సెప్తే అది నిన్ను మంచి సేసుకోడానికి సెప్పినట్టే కదా." నాకు ఆవిణ్ణి కౌగిలించుకోవాలనిపించింది, కొట్టాలనీ అనిపించింది. "రెండుగా పెట్టి సూద్దాం. ఆయన జాడీ నా ఇంట్లో. కొత్త జాడీ కొని నీ వంటింట్లో, నువ్వు మళ్ళీ మూట కట్టి, సరిగ్గా దాని కింద. రెండింటికీ సెయ్యి నాదే" అంది.

మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లేనంటారు. మనింట్లో పులిసిన జాడీయే పెట్టుకుంటే ఏటంటారే?" అన్నాడు. అంటూనే సైకిలు మీద గోల్‌బజార్ వెళ్ళి జాడీ తెచ్చింది కూడా ఆయనే.

కొత్త జాడీలో తోడు లేదు. పాత జాడీ అడుగున ఉన్న గుక్కెడులోంచి చెంచాడు వెయ్యొచ్చు కదా అంటే, "అది కదపను" అంది, ఇంక మాట్లాడొద్దన్నట్టు. పక్కింటి పాత జాడీ రెండు రోజులకే బుసబుసా పొంగింది. మా ఇంటిదాంట్లో చలనం లేదు. సైరన్ కూయగానే ఆవిడ గరిటె పట్టుకుని వచ్చేది, కలిపేది, జాడీకి చెవి ఆనించి వినేది. "సచ్చినట్టుందే" అనేది. ఒకరోజు పైకి చూసి, "మూటలో ఎన్నొచ్చినాయి?" అంది. మొలకలు బాగా వచ్చాయన్నాను. "ఆయన గోధుమలేసీవోడు. నాను నీ సోళ్ళేస్తాను" అని మూట విప్పి గుప్పెడు మొలకలు నలిపి జాడీలో వేసేసింది. నేను కంగారు పడ్డాను. "ఓలమ్మో, అత్తా! వీటి వల్లే పాడవుతోందంటుంటే వీటినే వేసేస్తావా? మరి రెండు జాడీలూ ఒకలా ఉండవు కదా, ఏది దేనివల్లో ఎలా తెలుస్తాది?" "తెలీకపోతే పోనీ. ముందు పొంగనీ" అంది. పొంగింది. మొలకల వల్లో, దానంతటదే లేచిందో, ఇప్పటికీ నాకు తెలీదు.

ఈస్టరు ముందు శనివారం పొద్దున్నే రెండు జాడీల్లోంచీ రెండు గాజుగ్లాసుల్లో తెచ్చి మా వరండా గట్టు మీద పెట్టింది. మా ఇంటిది ఎర్రగా తేరి, నోట్లో పోసుకుంటే కమ్మగా ఉంది. ఆవిడింటిది చూడ్డానికి అంతే అందంగా ఉంది గానీ నాలిక మీద పెట్టలేకపోయాం. పచ్చళ్ళలోకి తప్ప పనికిరాదు. ఒక్కసారి నా ప్రాణం లేచొచ్చింది. నా చోళ్ళ తప్పు కాదు! అంత సంతోషంలోనూ ఆవిడ మొహం చూసి నోరు మూసుకున్నాను. నీళ్ళొకటే, కిస్‌మిస్సొకటే, చెయ్యొకటే. మిగిలింది ఆయన జాడీ. ఆవిడ పుల్లటి గ్లాసునే పట్టుకుని ఇంకో గుక్క తాగింది. మూతి ముడవను కూడా ముడవలేదు. "పద" అంది.

మా ఇంటి కొత్త జాడీని మా ఆయన సైకిలు వెనక కట్టుకున్నాడు, నేను పట్టుకుని నడిచాను. గుడి వెనక గదిలో వాళ్ళంతా అయ్యగారని పిలిచే పాస్టరుగారు, యోహాను గారు, గుడి అలంకరణకొచ్చిన ఆడవాళ్ళు ఉన్నారు. నేను గుమ్మం బయటే ఉండిపోయాను. యోహాను గారు చుక్క రుచి చూసి కళ్ళు మూసుకున్నారు. "దేవునికి స్తోత్రం. దానియేలు గారి చేతి రసమే మళ్ళీ! చూశారా అమ్మా, ఆ పక్కింటి మూట తీసేశాక ఎలా కుదిరిందో" అన్నారు. అందరూ తలలూపారు. బావి దగ్గర అన్నావిడ మరీ ఊపింది.

అంతే. అయిపోయింది. రాహేలత్త పని రాహేలత్తకి దక్కింది. ఊరికే నిలబడితే చాలు. నాకేమైనా తగులుతుందా? ఎలాగూ అందరూ నా మీద అనుకుంటున్నదే. ఆవిడ ఊరికే నిలబడుతుందనే నేను అనుకున్నాను.

"మూట తియ్యలేదండి" అంది. "ఇది మూట కిందే పులిసింది. ఆ పిల్ల వంటింట్లో. గోధుమలకి బదులు దీన్లో ఆ సోళ్ళ మొలకలే ఏసినాను. అదుగో, ఆ పిల్లే." అందరూ నా వైపు తిరిగారు. నాకు ఎటు చూడాలో తెలీలేదు. యోహాను గారికీ తెలీలేదు పాపం. గ్లాసు కింద పెట్టాలో పట్టుకోవాలో అర్థం కాక, "మరి రెండేళ్ళూ ఎందుకు పాడైనట్టు?" అన్నారు.

"మా ఆయన జాడీయండి" అంది రాహేలత్త. "ఆయన పోయిన వారం ఇల్లంతా జనం. జాడీ మూతి గుడ్డ ఎవరు తీసినారో, ఎన్నాళ్ళు తెరిసి ఉన్నదో నాను సూసుకోలేదు. ఏ ఈగలు పడినాయో. ఆ అడుగునే మళ్ళీ మళ్ళీ తోడు పెట్టినాను. పాడైన పెరుగు తోడేస్తే మంచి పెరుగు తోడుకుంటాదేటండీ? తప్పు మా ఇంట్లోది. ఆ పిల్లది కాదు." దానియేలు గారంటే అక్కడ అందరికీ గౌరవం. ఆయన వస్తువుని వాళ్ళెవరూ ఒక్క మాట అనలేదు ఎప్పుడూ. అయ్యగారు ముందుకొచ్చి, "ద్రాక్షారసమే కదమ్మా?" అని అడిగారు. "ద్రాక్షారసమేనండి, అయ్యగారూ." "అయితే రేపు బల్ల మీద పెట్టండి" అన్నారు.

ఇంటికొచ్చాక రాహేలత్త దానియేలు గారి జాడీని రెండు చేతులా ఎత్తి తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వు కడుగు. నాను లోపల కూకుంటాను" అంది. నీళ్ళు మరగబెట్టి, చాకలిసోడా వేసి, బూడిదతో, కొబ్బరిపీచుతో తోమాను. అడుగున మడ్డి నల్లగా గట్టిగా పట్టుకుని ఉంది. గరిటెతో గీకితే గానీ రాలేదు. ఒక మనిషి చేసిన ఎన్నేళ్ళ పనో అది, నా చేతిమీంచి మోరీలోకి పోతోందనుకుంటే చేతులు ఆడలేదు. "అయ్యిందేటే?" అని లోపల్నుంచి అరిచింది. "లేదత్తా, ఇంకా వాసనొస్తోంది." "అయితే ఇంకా కడుగు" అని, ఏడిచింది. గట్టిగానే ఏడిచింది, వీధి చివరిదాకా వినిపించేలా. నేనూ ఏడుస్తూనే తోమాను.

అక్కడితో ముగిస్తే కథ చక్కగా ఉండేది. కానీ ఒకటి రెండు పండగలయ్యాక, అదే జాడీలో, శుభ్రంగా కడిగి ఎండబెట్టిన జాడీలో, మా వంటింట్లోనే పెట్టిన రసం మళ్ళీ పులుపెక్కింది. ఆ ఏడు చర్చివాళ్ళు కలకత్తా సీసాలు తెచ్చుకున్నారు, ఆ తర్వాతి ఏడు మళ్ళీ ఆవిడ దగ్గరికే వచ్చారు, అది వేరే సంగతి. ఆ పుల్లటి రసం రుచి చూసి నేను అయోమయంలో పడ్డాను. "అత్తా, మరైతే దానియేలు మావయ్యగారి జాడీ అడుగు మడ్డి తప్పు కాదేమో. ఆ రోజు మనం ఊరికే కడిగేశామేమో" అన్నాను. అన్నాక నాలిక్కరుచుకున్నాను. ఆవిడ జాడీ వంక చూసి, పకపకా నవ్వింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆయన మీద పెట్టీసినాను కాబోలు!"

"మరి తెలీకుండా అంతమందిలో ఎందుకన్నావత్తా? తెలీకపోతే నోరు మూసుకోవాలన్నది నువ్వే కదా" అన్నాను. నాకు నిజంగానే కోపం వచ్చింది. నా కోసం ఆవిడ ఆ జాడీని పోగొట్టుకుందని కోపం.

"నోరు మూసుకునే ఉందునే" అంది. "యోహానుగోరు నీ మీద పెట్టీసి దేవుడికి స్తోత్రమన్నాడు సూడు, అక్కడ మూసుకోలేకపోయినాను. తెలిసీదాకా జనం ఎవరో ఒకరి మీద పెట్టక మానరు. పెట్టాలంటే మనోళ్ళ మీద పెట్టుకోవాల. ఆయన నా మొగుడు, ఏటనుకోడు. నువ్వు నిన్నగాక మొన్నొచ్చిన పిల్లవి. నీ మీద పెడితే ఎక్కడికి పోతావే గుంటా?"

తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ చక్రధర్‌పూర్‌లో ఫైర్‌మన్ పని చేసే కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్తూ ఆ జాడీ నాకిచ్చింది. ఆవిడ అక్కడే పోయిందని కబురొచ్చినప్పుడు నేను నిండు నెలల మనిషిని, వెళ్ళలేకపోయాను. ఇప్పుడా జాడీలో చోడి మాల్టు పోసుకుంటాను. వానాకాలం మూత తీస్తే అడుగున ఎక్కడో పులుపు వాసన వస్తుంది. కడగడం సరిగ్గా కడగలేదో, నా ముక్కు భ్రమో, తెలీదు.

చెంగు దోపుకుని నిలబడ్డ కోడలితో ఇవాళ అన్నాను. "ఆ అమ్మాయితో ఏమీ అనకు. గుడ్డ నాది, నీళ్ళు నావి, మూట కట్టింది నేను. నా చెయ్యే పాడు చేసిందనుకో." అది నన్ను ఎగాదిగా చూసింది. "నిజంగా మీ చెయ్యేనా అత్తా?"

"తెలీదే" అన్నాను.

పులిసిన చోళ్ళు కొబ్బరిమొక్క మొదట్లో పోసి, కొత్తవి నానబెట్టాను. ఆ బెంగాలీ పిల్ల అన్నం గిన్నె ఇంకా వరండా గట్టు మీదే ఉంది. కొత్త మూట కట్టి, సరిగ్గా దాని పైనే వేలాడదీస్తాను.